మాత్ర వేసుకోని రాజరత్నం

టిఫిను తిన్న రెండు గంటలకి మళ్ళీ రక్తం తీస్తాం, అందాకా ఎక్కడికీ వెళ్ళకుండా ఈ బెంచీ మీద కూర్చోండి తాతగారూ అంది భాను అనే ఆ ల్యాబు పిల్ల. తాతగారట. చీటీ మీద ఎలీయాజరు, యాభై ఒకటి, దెందులూరు అని రాసింది తనే, రాసిన కలం ఇంకా వేళ్ళ మధ్యనే ఉంది, అయినా నా తల చూసేసరికి నోరు దానంతట అదే తాతగారూ అనేసింది. అననీ. ఏలూరు పవర్‌పేటలో ల్యాబు వరండా, నెత్తిన కిర్రుమంటూ ఫ్యాను, ఎదురుగా గోడ మీద రెండు కిడ్నీల బొమ్మ, జీడిపిక్కల్లా ఉన్నాయి. పరగడుపు రక్తం ఇచ్చేశాను. తర్వాత ఎదురు హోటల్లో ఇడ్లీ, దాని మీద ఉప్మా పెసరట్టు, పంచదార రెండింతలు వేయించుకుని కాఫీ, అదీ చాలదేమోనని పక్క మిఠాయి కొట్లో జిలేబీలు నిలబడే తినేసి వచ్చి కూర్చున్నాను. పరీక్షకి తయారై వెళ్ళడం నా బతుకులో ఇదే మొదలు. నెల్లాళ్ళుగా తయారవుతున్నాను, కాజాలు, బెల్లం జీళ్ళు, ఏవీ దొరకనినాడు ఇంట్లో పంచదార డబ్బా. మా ఆవిడ సువార్తమ్మ, ఇదేంటండీ డబ్బాలో పంచదార తరిగిపోతోంది అంటే చీమలన్నాను. చీమలు మూత మళ్ళీ బిగించి వెళ్తున్నాయా అంది. ఈ వరండాలో ఉన్నవాళ్ళందరి పెదాలూ కదులుతున్నాయి, షుగరు లేదనిపించు స్వామీ అని ఎవరి దేవుణ్ణి వాళ్ళు అడుగుతున్నారు, ఉందనిపించు తండ్రీ అని అడిగేవాణ్ణి నేనొక్కణ్ణే, ఇంత గోలలో వేరుగా ఉన్న ప్రార్థన కాబట్టి నాది ఆయన చెవిన ముందు పడుతుందని నా ఆశ.

ఎందుకంటే మా బావగారు రాజరత్నం గారికి షుగరు ఉంది. ఇరవయ్యేళ్ళ నుంచి ఉంది. సువార్తమ్మకి సొంత అన్నగారు, మిషను బడిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు, నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద, జుట్టు మాత్రం కాకిరెక్క. రంగేమోనని గుడిలో ఆయన వెనక వరసలో కూర్చుని కీర్తన పాడడం మానేసి మరీ చూశాను, కుదుళ్ళ దగ్గర కూడా నలుపే. పళ్ళన్నీ ఆయనవే, చెరుకుగడ పళ్ళతో చీలుస్తారు, తనకి షుగరు కాబట్టి చీల్చి పక్కవాళ్ళకి ఇస్తారు. మొన్నామధ్య తాడేపల్లిగూడెంలో పెళ్ళికి వెళ్ళి ఇద్దరం బస్సులో తిరిగొస్తుంటే కండక్టరు, ఆ పెద్దాయనకి కాస్త చోటివ్వండమ్మా అన్నాడు, పెద్దాయన ఎవరా అని చుట్టూ చూస్తే అందరూ నన్నే చూస్తున్నారు. కూర్చోవయ్యా, అంత మర్యాద చేస్తుంటే అన్నారు బావగారు, కూర్చున్నాను, ఆయన పైన కడ్డీ పట్టుకుని దెందులూరు దాకా కులాసాగా నిలబడి వచ్చారు, మలుపు వచ్చినప్పుడల్లా నా భుజం పట్టుకుని జాగ్రత్త, జాగ్రత్త అంటూ. ఇదంతా ఏ నీళ్ళ మహిమ, ఏ తిండి మహిమ, ఒకే చెరువు నీళ్ళు తాగాం, ఒకే బొచ్చె చేప ఇగురు తిన్నాం, తేడా ఆ షుగరు మాత్ర ఒక్కటే, అన్నం తిన్నాక రెండు పూటలా ఆయన నోట్లో పడుతుంది, నా నోట్లో పడదు.

జుట్టు కోసం, పళ్ళ కోసం అయితే నేను ఇంత పాటు పడను. మా సంఘంలో ఎవరు పోయినా సమాధుల తోటలో మట్టి వెయ్యబోయేముందు ఒక పెద్ద లేచి పోయినవాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పాలి, సాక్ష్యం అంటాం, ఆ పెద్ద ముప్పయ్యేళ్ళుగా రాజరత్నం గారే. నాలుగు మాటలంటూ మొదలెడతారు, పాస్టరు గారు రెండుసార్లు దగ్గినా ఆపరు. ఎవరు పోయినా ఎత్తుగడ ఒకటే, మన ఈ సహోదరునిలో ఒక చిన్న లోపం ఉండేది, అంటారు, అని ఆ లోపం చెబుతారు, నవ్విస్తారు, ఆ తర్వాత ఏడిపిస్తారు, చివరికి ఆ లోపాన్ని తనే క్షమించి మనిషిని పైకి పంపిస్తారు. వడ్రంగి విశ్వాసం పోయినప్పుడు, విశ్వాసం గారు గుడికి వేళకి వచ్చింది రెండే రెండుసార్లు, బాప్తిస్మానికి ఒకసారి, ఈ రోజు ఒకసారి, రెండుసార్లూ వేరేవాళ్ళు మోసుకొచ్చారు కాబట్టి, అన్నారు. జనం కండువాలు నోట్లో కుక్కుకున్నారు, విశ్వాసం పెళ్ళాం కూడా ఏడుపు మధ్యలో కిసుక్కుమంది, నేనూ నవ్వాను, నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. ఆ పెట్టెలో నేనుంటే ఆయన చెప్పేదేమిటో నాకు ఇప్పుడే తెలుసు. కిటికీ కథ. మన ఎలీయాజరు ఎనిమిదో తరగతిలో నా లెక్కల క్లాసులోంచి కిటికీ దూకి పారిపోయాడు, పదేళ్ళకి మా ఇంటి గుమ్మంలోంచి నా చెల్లెలికి మొగుడై వచ్చాడు, లెక్కలంటే ఉన్న భయం నేనంటే లేదు, అని. నా పెళ్ళిలో చెప్పారు, మా అమ్మాయి పెళ్ళిలో చెప్పారు, వియ్యంకులు పొట్ట పట్టుకుని నవ్వారు. బతికుండగా అయితే లేచి బయటికి పోయి చుట్ట ముట్టించుకోవచ్చు, పెట్టెలోంచి ఎక్కడికి పోను. అందుకని ఆయన ముందు పోవాలి, నేను తర్వాత పోవాలి. ఆయనకి చెడు జరగాలని కాదు, వరస ప్రకారం జరగాలని. తొమ్మిదేళ్ళు పెద్ద, న్యాయం కూడా అదే, కానీ వరస తప్పేలా ఉంది, అద్దంలో చూసుకుంటే తెలిసిపోతోంది.

మాత్ర సంగతి నా నెత్తికి ఎక్కించింది ఆయన కూతురు షారోనే. హైదరాబాదులో జబ్బుల లెక్కలు చదువుతోంది, తండ్రివి మామూలు లెక్కలు, కూతురివి జబ్బుల లెక్కలు, ఆ వంశాన్ని లెక్కలు వదలవు. కిందటి నెల ఆదివారం బావగారింట్లో భోజనాల దగ్గర చెప్పింది, షుగరు మాత్ర వాడేవాళ్ళు షుగరు లేనివాళ్ళకంటే కూడా ఎక్కువ కాలం బతుకుతున్నారేమోనని పై దేశాల్లో అనుమానపడుతున్నారట, మందు షుగరుకే కాదు, ముసలితనాన్ని కూడా వెనక్కి పట్టుకుంటుందేమోనట, ఇది మన వైపు పాత మిషను ఆసుపత్రి కాగితాల్లో తేలుతుందేమో చూస్తోందట. నా చేతిలో ముద్ద ఆగిపోయింది. తేలిందా అన్నాను. తేలేది అంత తేలిక కాదు మామయ్యా అంది. ఇరవయ్యేళ్ళు మాత్ర వాడినవాడు ఎలాగూ ఇరవయ్యేళ్ళు బతికినవాడే కదా, మధ్యలో పోయినవాడు మాత్రకి రాడు కదా, ఊరికే లెక్కేస్తే మాత్రే బతికించినట్టు కనబడుతుంది అంది. నెలనెలా బస్సెక్కి మందుకొచ్చేవాడు ముందే జాగ్రత్తమంతుడై ఉంటాడు, వాడి ఇంట్లో మాత్ర గుర్తుచేసే మనిషి ఉంటుంది, బతికించింది మాత్రా, మనిషా అంది. అక్కడ మా బావగారి భార్య వడ్డన ఆపి, మనిషే అంది.

షారోన్ నవ్వలేదు, చెప్పుకుపోయింది. నాన్న మాత్రవల్లే ఇలా ఉన్నారా అని తేల్చాలంటే మాత్ర వేసుకోని నాన్న ఇంకొకరు కావాలి, అదే పుట్టుక, అదే బడి, అదే ఇల్లు, మాత్ర ఒక్కటే తేడా, ఆ మనిషి ఎక్కడా ఉండడు, అందుకని ఉన్నవాళ్ళలోనే అన్నిటా ఆయనకి సరిపోయేవాణ్ణి వెతికి పక్కన నిలబెట్టి చూస్తాం అంది. అని నా వైపు చూసింది. ఆ పిల్ల చూసిన చూపుకి నాకు ఒళ్ళు ఝల్లుమంది, అంటే నేనన్నమాట, మాత్ర వేసుకోని రాజరత్నాన్ని నేను, ఒకే ఊరు, ఒకే గుడి, ఒకే ఇగురు. ఇన్నేళ్ళకి నాకో హోదా దొరికిందని వెన్ను నిటారుగా పెట్టాను. అప్పుడా పిల్ల మెత్తగా, మీరు సరిపోరు మామయ్యా అంది, ఎండ అంది, చుట్ట అంది, నిద్ర అంది, పళ్ళంది, చదువు దాకా వచ్చి ఆగింది, ఆగినా అందరికీ వినబడింది. బావగారు అప్పడం విరుచుకుంటూ, వాడు నాకు సరిపోకపోవడం వాడు కిటికీ దూకినరోజే తేలిపోయిందమ్మా అన్నారు. మొదలు. మళ్ళీ మొత్తం కథ. పెరుగు రాకుండానే చెయ్యి కడుక్కున్నాను.

ఆ పిల్ల చెప్పింది నాకు అర్థం కాలేదనుకుంటున్నారేమో, అర్థమైంది, కొల్లేటికోట దగ్గర చేపల చెరువుల మీద ఇరవయ్యేళ్ళు మేత వేశాను నేను. పడవ మీద తవుడు బస్తాలు, వేరుశనగ చెక్క బస్తాలు, తెల్లారేసరికి నీళ్ళ మీద పొగమంచు, కొంగలు నాకంటే ముందే డ్యూటీలో ఉండేవి. చేప నోరు పైకి పెట్టి గుటకలేస్తుంటే ఆ చెరువుకి మందు పోసేవాళ్ళం. మందు పోసిన చెరువులోనే చేప ఎక్కువ చచ్చి తేలేది, ఆసామి గట్టు మీద గొడుగు కింద నిలబడి, మందు పోసి చంపేశారురా అని తిట్టేవాడు, చచ్చేలా ఉందనే కదండీ పోశాం అంటే ఎదురు చెబుతున్నావా అనేవాడు. అవన్నీ మూడేళ్ళ కింద గవర్నమెంటువాళ్ళు కొల్లేటిని ఆక్రమించి తవ్విన చెరువులని పొక్లెయిన్లు పెట్టి గట్లు తెంపేసినప్పుడు పోయాయి, ఆసామి పోయాడు, గొడుగు పోయింది, నేను దెందులూరులో మేతల కొట్లో కాటా దగ్గర తేలాను. అంచేత దేనివల్ల ఏది జరుగుతుందో జనం చెప్పేది నమ్మకూడదని నాకు తెలుసు. తెలిసినా మాత్ర కావాలి. తెలియడం వేరు, కావడం వేరు. ఊరికే కొనుక్కుందామంటే మందుల షాపు అబ్బాయిరాజు మా సంఘంవాడే, షుగరు లేకుండా షుగరు మాత్ర ఎందుకండీ అంటాడు, మర్నాటికల్లా గుడి మెట్ల మీద ఆ మాటే. అందుకే ఈ బెంచీ, ఈ జిలేబీలు. గోడ మీద జీడిపిక్కలు తిరుగుతున్నట్టున్నాయి, షుగరు ఎక్కుతోందేమో, ఎక్కనీ.

మాత్ర వేసుకోని రాజరత్నంలాగే, కిటికీ దూకని ఎలీయాజరు ఒకడుంటే బాగుండును. ఆ రోజు లెక్క అప్పజెప్పడానికి బెంచీ ఎక్కమన్నప్పుడు ఎక్కి నిలబడ్డవాడు. వాడు ఎనిమిది పాసై, పది పాసై, మేతల కొట్లో కాటా దగ్గర కాక బల్ల వెనక కుర్చీలో ఉండేవాడు, వాణ్ణి ఎవరూ తాతగారూ అనరు. లెక్క రాక దూకానంటారు బావగారు. లెక్క వచ్చు. పదిహేడు పదమూళ్ళు, ఇప్పుడడిగినా చెబుతాను, రెండొందల ఇరవై ఒకటి. నా నిక్కరు వెనక చినిగింది, పొద్దున్న కంచె దాటుతుంటే ముల్లుకి పట్టుకుని ఇంత మేర, కూర్చుంటే కనబడదు, బెంచీ ఎక్కితే వెనక వరస ఆడపిల్లల మొహాలకి ఎదురుగా ఉంటుంది. ఆయన ఎక్కమన్నారు, నేను కిటికీ చూశాను. మర్నాడు వెళ్దామంటే అప్పటికే లెక్కలకి జడిసి పారిపోయాడన్న కథ బడంతా పాకిపోయింది, నిక్కరు కుట్టించుకుని వెళ్ళినా ఆ కథ చిరుగు ఎవడు కుడతాడు. నలభయ్యేళ్ళు కావస్తోంది, ఒక మనిషి చదువు ఎందుకు ఆగిందన్నదానికి ఊరంతటికీ ఒక కారణం తెలుసు, అది తప్పు, సరైంది నాకొక్కడికే తెలుసు, దాన్ని చెప్పుకునే వయసు ఎప్పుడో దాటిపోయింది. పదమూడేళ్ళప్పుడు సిగ్గు, ముప్పయ్యేళ్ళప్పుడు పౌరుషం, ఇప్పుడు చెబితే కథకి ఇంకో ముక్క కలుస్తుంది, ఆయన నిక్కరుతో సహా చెబుతారు, సమాధుల తోటలో, నా పెట్టె దగ్గర.

ఏమయ్యా, నువ్వేంటిక్కడ, అని వినబడేసరికి ఇది నా తలలో మాటేమో అనుకున్నాను. కాదు, ఎదురుగా ఆయనే, నల్లటి జుట్టు, ఇస్త్రీ చొక్కా, చేతిలో గుడ్డసంచి. మోకాళ్ళ నొప్పికి రక్తం చూపించుకుందామని అండీ, అన్నాను. మోకాళ్ళకి షుగరు పరీక్షా అన్నారు చీటీ చూసి, నా పక్కన కూర్చున్నారు. ఆయన తన కాగితం అప్పటికే తీసుకున్నారు, మడిచి జేబులో పెట్టి ఉంది.  గోడ మీద బొమ్మకేసి గెడ్డం చూపించి, అవి రెండూ నాకు సగం పైగా పోయాయంటయ్యా, అన్నారు. జీడిపిక్కలు. మాత్రవల్లా అండీ అన్నాను, నోరు జారింది, ఆసామి అడిగినట్టే అడిగాను. మాత్ర కాదంట, షుగరే లోపల్నించి తినేసిందంట, ఇవి చెడితే ఆ మాత్ర బయటికి పోక ఒంట్లో పేరుకుపోతుందంట, అందుకని ఇక ఆపెయ్యమన్నాడు డాక్టరు, అన్నారు. పైన కాకిరెక్క, లోపల ఇది. భాను పిలిచి రెండో రక్తం తీసింది, నేను మోచెయ్యి మడుచుకుని వచ్చేసరికి ఆయన గుడ్డసంచిలోంచి మాత్రల అట్టలు తీసి ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు.

“షారోన్‌కి చెప్పకు,” అన్నారు. “దాని లెక్క పాడవుతుంది.”

చెప్పనండి అన్నాను. పారెయ్యబుద్ధి కాలేదయ్యా, నీకు గనక షుగరు వస్తే వాడుకుందువుగానని, అని ఆ అట్టలు నా చేతిలో పెట్టారు. నెల్లాళ్ళుగా దేనికోసం జిలేబీలు మింగానో అది నా అరచేతిలో ఉంది, వెండిరంగు అట్ట, చిన్న చిన్న బుడిపెలు, చూస్తే ఏమీ లేదు, తెల్లటి బిళ్ళలు. సంతోషించాల్సిన సమయం. వరస ప్రకారమే జరగబోతోంది, నేను అడిగింది అదేగా, తొమ్మిదేళ్ళు పెద్ద, న్యాయమేగా. ఫ్యాను కిర్రుమంటోంది. ఎవడో ముసలాయన షుగరు నూట ఎనభై అట, కొడుకు మీద అరుస్తున్నాడు. నేను ఆ అట్టలో మాత్రల్ని ఒక్కొక్కటే వేలితో నొక్కి చూస్తున్నాను, లోపల ఉన్నాయా లేవా అని, ఉన్నాయి, ఎందుకు నొక్కుతున్నానో నాకే తెలీదు. అరగంటకి ఎలీయాజరు గారండీ అంది భాను, రెండు రిపోర్టులూ చూశామండి, మీకు షుగరు లేదండి, అంతా నార్మలండి. అంతమంది మొహాలు నా వైపు తిరిగాయి, కుళ్ళుకుంటున్నారు, ఇన్ని జిలేబీలు తిని కూడా పరీక్ష తప్పాను. బావగారు మాత్రం నా వీపు మీద చరిచారు. అట్టలు మళ్ళీ తీసుకుని సంచిలో వేసుకున్నారు, నీకక్కర్లేదు, అంటూ.

“అయితే నువ్వుంటావు,” అన్నారు. “నేను పోయినప్పుడు నా దగ్గర మాట్లాడేది నువ్వే.”

“నాకు మాట్లాడ్డం రాదండి బావగారూ.”

“అందుకే నిన్నడుగుతున్నాను. వచ్చినవాళ్ళు ఏం మాట్లాడతారో నాకు తెలుసు. ముప్పయ్యేళ్ళు మాట్లాడినవాణ్ణి.”

ఒక్కసారి ఇప్పుడు అని చూపించు, వింటాను, అన్నారు, అదేదో అప్పజెప్పమన్నట్టు చేతులు కట్టుకుని. లేచాను, ఎందుకు లేచానో, ఆయన అలా చూస్తే కాళ్ళు వాటంతటవే లేస్తాయి. మన ఈ సహోదరునిలో ఒక చిన్న లోపం ఉండేది, దాకా మనసులో వచ్చింది. లోపాలకి కరువా, నలభయ్యేళ్ళుగా పోగేసి పెట్టాను, ఒక్కోదాన్ని నూరి పదును పెట్టి, ఏది ముందు ఏది తర్వాత అని వరస కూడా కట్టుకున్నాను, పడవ మీద మేత వేస్తూ నీళ్ళకి చెప్పి చూసుకున్నాను, చేపలు నవ్వేవి. ఇప్పుడు ఒక్కటి రాదు. వచ్చినవన్నీ పనికిరానివి, బస్సులో మలుపు దగ్గర భుజం మీద చెయ్యి, సువార్తమ్మ పురుడప్పుడు ఆసుపత్రి గేటు దగ్గర రాత్రంతా గొడుగు పట్టుకుని నిలబడి పొద్దున్న నన్ను చూసి, ఆడపిల్లయ్యా, లెక్కలు నేను చెబుతాలే అన్న మొహం, గట్లు తెగిపోయిన ఏడాది ఎవరి ద్వారానో మేతల కొట్లో నా పేరు చెప్పి, చెప్పింది తనని తెలియనివ్వని పెంకితనం, ఇవి లోపాలు కావు, వీటితో జనం నవ్వరు. వరండాలో వాళ్ళు అప్పుడే చూస్తున్నారు, తెల్లజుట్టాయన నల్లజుట్టాయన ముందు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడేంటా అని.

“అనవయ్యా,” అన్నారు.

“ఇది తయారు చేసుకోడానికి నాకు చాలా ఏళ్ళు పడుతుందండి బావగారూ,” అన్నాను. “అందాకా మీరు ఆగాలి.”

ఏదో ఒకటి అంటారని, అందరికీ వినబడేలా అంటారని చూశాను. ఆయన కట్టుకున్న చేతులు విప్పి, బెంచీ మీద పక్కకి జరిగి నాకు చోటిచ్చారు.